సర్వరు యంత్రమునకు నాడి చూచుట
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగపాఠము)



క్రిందటి సభలో ఒక పెద్దమనిషి యొక ప్రశ్న వేసిరి. "వేసవి సెలవులలో పిల్లలు రారు, పాఠములు జరుగవు. అట్టప్పుడు కంప్యూటరు గది ప్రక్కనున్న ఆ చిన్న గదిలో ఎ.సి. రేయింబవళ్లు నడువనేల? ఆ కరెంటు బిల్లుతో నాలుగు బల్లలు చేయించవచ్చును గదా?" అని. ప్రశ్న న్యాయమైనది. సంఘము ఖర్చు చేయు ప్రతి రూపాయియు మీ జేబులనుండి వచ్చినదే. నాడు మేము వెంటనే బదులు చెప్పలేదు. ఏలయన, దీనికి బదులు మా నోటినుండి గాక ఆ యంత్రము నోటినుండియే రావలెనని మాకు తోచినది. యంత్రమునకు నోరెక్కడిదందురేమో, కలదు. దానిని అడుగు పద్ధతియు కలదు. ఆ పద్ధతినే నేడు మీకు విన్నవింపబోవుచున్నాము.

మొదట ఆ చిన్న గదిలో నున్నదేమో చెప్పవలెను. చూచుటకది ఒక ఇనుప పెట్టె. దానిని సర్వరు అందురు. పిల్లలు కూర్చుండు కంప్యూటర్లన్నియు దానినుండియే పాఠములు తెచ్చుకొనును. పాఠములు పోయినచో మరల తయారు చేసికొనవచ్చును. కాని అందులో మరియొకటి కలదు. మన పాఠశాల ప్రవేశ రిజిస్టర్లు పాతవి చెదలు పట్టి పోవుచుండగా, మిగిలిన పుటలనన్నిటిని ఒక్కొక్కటిగా ఫొటోలు తీసి ఆ యంత్రములో భద్రపరచితిమి. 'మాతృభాష' అను గడిలో 'తెలుగు' అని నాటి ఉపాధ్యాయులు సిరాతో వ్రాసిన పుటలవి. ఈ తమిళనాట కాపురముండు మనకు ఆ గడియొక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తాతగారి పేరున్న పుటను చూపి మనుమనికి ధ్రువపత్రము పొందిన కుటుంబములు ఈ సభలోనే కూర్చుండియున్నవి. ఆ రిజిస్టర్లలో కొన్నింటికి కాగితపు మూలము నేడు లేదు. తెలుగు మాధ్యమమున పుస్తకములు సకాలమునకు అందని సంవత్సరములలో మన ఉపాధ్యాయులు స్వహస్తములతో వ్రాసిన పాఠములును, పాత వార్షిక సంచికలును కూడ అందే యున్నవి.

కావున ఆ పెట్టె క్షేమముగా నున్నదా యనునది విలాసపు ప్రశ్న కాదు.

క్షేమము తెలిసికొనుటకు మిక్కిలి సులభమైన ఉపాయము 'పింగ్' అను ఆజ్ఞ. ఏ కంప్యూటరు నుండియైనను ఆ మాటను, దాని వెంట సర్వరు చిరునామాను టైపు చేసినచో, "ఓయీ, ఉన్నావా?" అని యొక చిన్న పిలుపు పోవును. "ఉన్నాను" అని బదులు వచ్చును. 1983వ సంవత్సరము డిసెంబరులో మైక్ మ్యూస్ అను అమెరికా దేశస్థుడు దీనిని రచించెను. జలాంతర్గాములు నీటిలో ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినునట్టి పద్ధతిని తలచుకొని ఆయన దానికా పేరు పెట్టెను. నలువది యేండ్లు దాటినను నేటికిని ప్రతి కంప్యూటరు మేస్త్రీయు మొదట చేయు పని యిదియే.

అయితే దీనిని మించి నమ్మరాదు. వాకిట నిలిచి పిలిచిన యెడల మంచముపైనున్న రోగి కూడ "ఆ" యనును. అంతమాత్రమున జ్వరము లేదని చెప్పగలమా? ఫ్యాను ఆగిపోయినను, రెండు డిస్కులలో ఒకటి చచ్చిపోయినను, సర్వరు పింగునకు యథాప్రకారము బదులు చెప్పుచునే యుండును. మా అభిప్రాయమున, కంప్యూటర్ల విషయమున జరుగు నష్టములలో పెక్కింటికి ఈ "ఆ" యను మాటను ఆరోగ్యమని భ్రమించుటయే కారణము.

నాడి పట్టి చూచు పద్ధతి వేరుగా కలదు. దాని పేరు ఎస్.ఎన్.ఎం.పి. దాని మొదటి నిబంధనావళి 1988వ సంవత్సరము ఆగష్టులో ప్రకటింపబడినది. కేస్, ఫెడర్, షాఫ్‌స్టాల్, డేవిన్ అను నలుగురు దానిని కూర్చిరి. ఆ అక్షరములలో మొదటిది 'సింపుల్' అను మాటకు గుర్తు. అది ఎవరికి సులభమో మాత్రము వారు సెలవియ్యలేదు!

దీని కీలకమిది. సర్వరులో ఒక చిన్న ప్రోగ్రాము ఎల్లప్పుడును మేలుకొని యుండును. ఆంగ్లమున ఏజెంటు అందురు. మనము గుమాస్తా యనుకొందము. యంత్రములోని లెక్కలన్నియు ఈ గుమాస్తాకు తెలియును. ఎవరైన వచ్చి సరియైన పద్దు సంఖ్య చెప్పి అడిగినచో ఆ పద్దు చదివి చెప్పును. అడుగనిదే సాధారణముగా నోరు విప్పదు.

పద్దు సంఖ్య యనగా నేమో మనవారికి చెప్పుట సులభము. పొలమున్న ప్రతి వానికిని సర్వే నంబరు తెలియును. జిల్లా, తాలూకా, గ్రామము, సర్వే నంబరు, దానిలో సబ్‌డివిజను అని దిగుకొలది ఒక్క చెక్క భూమి తేలును గదా. ఎస్.ఎన్.ఎం.పి. పద్దులు కూడ అట్లే. 1.3.6.1.2.1.1.3 అను వరుసను తీసికొనుడు. మొదటి 1 అంతర్జాతీయ ప్రమాణ సంస్థకు, 3 దాని క్రింది సంస్థలకు, 6 అమెరికా రక్షణశాఖకు, తరువాతి 1 ఇంటర్నెట్టుకు చెందినవి. ఇట్లు దిగి దిగి చివరి 3 దగ్గరకు వచ్చునప్పటికి, ఈ గుమాస్తా మేలుకొని ఎంత కాలమైనదో చెప్పు పద్దు చేతికి వచ్చును. లోకములోని ఏ సర్వరునందైనను ఈ సంఖ్య క్రింద నుండునది ఇదే. చెన్నపట్టణమున నొకటి, బొంబాయిలో నొకటి కాదు.

అడుగు ఆజ్ఞలు ముఖ్యముగా రెండు. ఎస్.ఎన్.ఎం.పి. గెట్ అనునది ఒక్క పద్దును మాత్రము తెచ్చును. ఎస్.ఎన్.ఎం.పి. వాక్ అనునది ఒక కొమ్మ పట్టుకొని దాని క్రిందనున్న పద్దులనన్నిటిని వరుసగా నడచి చదివి తెచ్చును. గ్రామ లెక్కలన్నియు అడంగలు చదివినట్లు చదివించుట యన్నమాట. ఆజ్ఞ పేరు, రహస్యపదము, యంత్రపు చిరునామా, పద్దు సంఖ్య, ఇంతే వాక్యము. మన పదవ తరగతి పిల్లలు దీనిని ఒక పూటలో నేర్చిరి.

ఇక్కడ ఒక వినోదము చెప్పెదము. ఆ మేలుకొన్న కాలపు పద్దును గుమాస్తా సెకండులో నూరవ వంతులుగా లెక్కించును. ఆ లెక్క వ్రాయు గడి చిన్నది. సుమారు 497 దినములు గడచునప్పటికి అందులో అంకె పట్టక మరల సున్ననుండి మొదలగును. ఎరుగనివాడు యంత్రము రాత్రి ఆగి మరల నడచినదని కంగారు పడును. అట్లే, వేడిమి చెప్పు పద్దులలో ఒక తెగ కలదు. అది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారికి కేటాయించిన 2021వ నంబరు క్రింద నుండును. దానిని మొదటిసారి చదివిన బాలిక 41000 అని చూచి, గది కాలిపోవుచున్నదని పరుగెత్తుకొని వచ్చినది. ఆ పద్దు డిగ్రీలో వేయవ వంతులలో చెప్పును. అనగా 41 డిగ్రీలే. అంకె చదువుటకంటె ఆ అంకె ఏ కొలతలోనిదో తెలిసికొనుట ముఖ్యమని మా లెక్కల మేష్టరుగారు చిరకాలమునుండి చెప్పుచున్న మాట ఆనాడు పిల్లలకు బాగుగా పట్టినది.

అడిగిన గాని చెప్పడంటిమి. అడుగకయే చెప్పు ఏర్పాటు కూడ లేకపోలేదు. దానికి ట్రాప్ అని పేరు. ఊరిలో దొంగ పడినచో తలారి మునసబు ఇంటికి పరుగెత్తునట్లు, ఏదైన కీడు మూడినప్పుడు గుమాస్తా తానే యొక కబురు పంపును. మంచిదే. కాని ఆ కబురు అందినదా లేదా యని అతడు తిరిగి చూడడు. త్రోవలో తప్పిపోయిన తప్పిపోయినట్లే. అందినదని రశీదు కోరు కబురు తరువాతి సంస్కరణములో వచ్చినది గాని, తలారియే మూర్ఛపోయిన దినమున ఏ కబురు రాగలదు? అందుచేత మునసబు తానే ఊరు చుట్టి చూచుట మేలని మా మతము. మన పాఠశాలలో దినమునకు రెండుసార్లు, ఉదయము ప్రార్థన ముగిసిన వెంటనే, సాయంకాలము గంట కొట్టక ముందు, ఇద్దరు పిల్లలు వంతులవారీగా అంకెలు చదివి నోటుపుస్తకములో వ్రాయుదురు. యంత్రము తానే గీతలు గీసి చూపు ప్రోగ్రాములు పెక్కు గలవు, అవియు పెట్టవచ్చును. అయినను చేతితో వ్రాసిన అంకె మనస్సున నిలుచును.

సర్వరు నడచుచున్నప్పుడే గుమాస్తా మాటలాడును. యంత్రమే పడిపోయినచో? దానికి గూడ ఉపాయము కలదు. మంచి సర్వర్ల మదర్‌బోర్డుమీద బి.ఎం.సి. అను చిన్న యంత్రము వేరుగా నుండును. యజమాని నిద్రించినను వాకిట కావలివాడు మేలుకొని యున్నట్లు, ప్లగ్గులో కరెంటున్నంత కాలము సర్వరు ఆపియున్నను అది పని చేయును. దానితో మాటలాడు నియమములను 1998లో ఇంటెల్, డెల్, హ్యూలెట్ పాకార్డ్, ఎన్.ఇ.సి. కంపెనీలు కలిసి ఏర్పరచినవి. ఐ.పి.ఎం.ఐ. అని వాటి పేరు. 2015లో రెడ్‌ఫిష్ అను క్రొత్త పద్ధతి వచ్చినది. మన యంత్రము పాతది, పాత భాషయే మాటలాడును. ఐ.పి.ఎం.ఐ. టూల్ అను ఆజ్ఞకు 'సెన్సార్ లిస్ట్' అని చేర్చినచో ఫ్యానులు నిమిషమునకెన్ని చుట్లు తిరుగుచున్నవో, లోనికి పీల్చు గాలి ఎన్ని డిగ్రీలున్నదో, వోల్టేజి ఎంతయో వరుసగా చెప్పును. 'సెల్ లిస్ట్' అని చేర్చినచో ఇదివరలో జరిగిన అపాయములను తేదీలతో చదువును. తేదీ సరిగా నుండవలెనన్నచో దాని గడియారము సరిగా నుండవలెను. ఇది చాలమంది మరచు విషయము.

కరెంటు పోవునప్పుడు నిలబెట్టు యు.పి.యస్. పెట్టెలలో నెట్‌వర్కు తీగ తగిలించు వసతి గలవానిని కూడ ఇట్లే అడుగవచ్చును. దానికి 1994లో ఏర్పడిన ప్రత్యేకమగు పద్దుల వరుస కలదు. బ్యాటరీ స్థితి యను పద్దులో 2 వచ్చినచో క్షేమము, 3 వచ్చినచో క్షీణించినది, 4 వచ్చినచో అడుగంటినది.

ఇక డిస్కుల సంగతి. మా మనస్సునకు దగ్గర విషయమిది. రిజిస్టర్లున్నది అందులోనే.

మన సర్వరులో రెండు డిస్కులు అద్దమువలె ఒకదాని కొకటి ప్రతిబింబముగా పని చేయును. ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను పడును. ఒకటి పోయినను రెండవది పని నడపును. ఇందలి మేలే ఇందలి కీడు. ఒకటి పోయినట్లు బయటివారికి తెలియనే తెలియదు. ప్రతి డిస్కును తన దోషములను తానే వ్రాసికొను దినచర్య యొకటి పెట్టుకొనును. దానిని స్మార్ట్ అందురు. అందులో 5వ అంశము, చెడిన చోటులను విడిచి వేరుచోట ఎన్ని పర్యాయములు సర్దుకొనవలసి వచ్చెనో చెప్పును. 197వ అంశము, చదువుటకు అనుమానముగానున్న చోటులెన్నియో చెప్పును. ఈ అంశములను కూడ మన గుమాస్తా ద్వారా అడిగి తెలిసికొనునట్లు కంప్యూటరు ఉపాధ్యాయులు ఏర్పాటు చేసిరి.

గత సంవత్సరము అక్టోబరులో నోటుపుస్తకమున 5వ అంశము క్రింద నెలల తరబడి వ్రాసిన సున్న ఒకనాడు 8 అయ్యెను. రెండు దినములకు 24. వారము తిరుగకముందే 197వ అంశములోను అంకె పడెను. పాఠములు ఆగలేదు, పింగునకు బదులు వచ్చుచునే యున్నది. యంత్రము నమ్మిన వర్తకునకు ఫోను చేసితిమి. "నడచుచున్నది గదా సార్, చెడినప్పుడు చూతము" అనెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొను వ్యాపారము మనకు పనికిరాదని చెప్పి, సంఘము కోశాధికారిగారి అనుమతితో క్రొత్త డిస్కునకు ఆర్డరిచ్చితిమి. అది పట్టణమునుండి చేరులోగానే పాత డిస్కు పూర్తిగా పడిపోయెను. నాలుగు దినములు మీ తాతల పేర్లున్న ఆ పుటలు ఒక్క డిస్కును పట్టుకొని వ్రేలాడినవి. ఐదవనాడు క్రొత్తది అమర్చినప్పుడు, ప్రతిబింబము పూర్తియగువరకు కంప్యూటరు ఉపాధ్యాయులు భోజనమునకు పోలేదు.

వేరొక ఊరిలో మనవంటి పాఠశాలకే ఇంత అదృష్టము లేకపోయెను. అక్కడ సెలవులలో మొదటి డిస్కు పోయినది ఎవరును చూడలేదు. జూన్‌లో రెండవది పోయినప్పుడు గాని తెలియలేదు. నేడు వారు పాత విద్యార్థుల ఇండ్లకు పోయి టి.సి.ల నకళ్లు అడిగి తెచ్చుకొనుచున్నారు.

అయినను నాడి చూచినంత మాత్రమున చావు తప్పునని చెప్పము. గూగుల్ కంపెనీవారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక నివేదిక ప్రకటించిరి. స్వయంపరీక్షలో మొదటి దోషము కనబడిన డిస్కు, దోషము లేని డిస్కుకంటె 60 దినములలోపల చెడు అవకాశము 39 రెట్లని అందు తేలినది. కావున అంకె కదలినచో ఆలస్యము చేయరాదు. కాని అదే నివేదికలో, చెడిన డిస్కులలో నూటికి 56కు పైగా ముఖ్యమైన నాలుగు సూచనలలో ఒక్కటియు చూపకయే చెడినవని కూడ వ్రాసిరి. చెప్పకుండ పోవువియే ఎక్కువన్నమాట. అందుచేత వారమునకొకసారి రిజిస్టర్ల ప్రతిని వేరొక డిస్కులోనికి తీసి కోశాధికారిగారి ఇంటి ఇనుప పెట్టెలో పెట్టుచున్నాము. దానిని ఎన్నడును మానరాదు.

ఒక హెచ్చరిక. గుమాస్తాను అడుగువాడు మనవాడో పరాయివాడో తెలియుటకు రహస్యపదమొకటి యుండునంటిమి. పాత పద్ధతిలో ఆ పదము తీగపై బట్టబయలుగా పోవును. పైగా అనేక యంత్రములలో అది కొన్ననాడే 'పబ్లిక్' అని వ్రాసి వచ్చును. తాళమువేసి తాళపుచెవి దానికే వ్రేలాడగట్టినట్లు! 2002లో స్థిరపడిన మూడవ సంస్కరణములో మాటలను గూఢముగా పంపు వసతి కలదు. మనము దానినే వాడుచున్నాము. పిల్లలకు చదువు అధికారమే గాని మార్చు అధికారము లేదు. ఐ.పి.ఎం.ఐ. సంగతి ఇంకను జాగ్రత్త. దాని రెండవ సంస్కరణములో లోనికి వచ్చుటకు అడిగిన ప్రతి వానికిని సంకేతపదపు గూఢరూపమును ఇచ్చివేయు లోపము కలదని 2013లో బయటపడినది. కావున ఆ తీగను ఇంటర్నెట్టుతో కలుపక వేరుగా నుంచితిమి.

ఇప్పుడు ఎ.సి. ప్రశ్న. గత ఏప్రిలులో ఒక ఆదివారము కంప్యూటరు ఉపాధ్యాయులు ప్రక్కన నిలిచియుండగా ఎ.సి. ఆపించి, పావుగంట కొకసారి పీల్చు గాలి వేడిమిని అడిగించితిమి. 24 డిగ్రీలతో మొదలైనది మూడు గంటలు కాకముందే 39కి ఎక్కెను. ఫ్యానులు గోల పెట్టినవి. అమెరికాలోని ఆష్రే అను ఇంజనీర్ల సంఘము సిఫారసు చేయునది 18 నుండి 27 డిగ్రీలు; అనేక సర్వర్ల తయారీదారులు హద్దుగా చెప్పునది 35. ఏప్రిలులోనే ఇట్లుండగా, ఊరిలోనే 40 దాటు మే నెలలో ఆ మూసిన గది ఎట్లుండునో మీరే ఊహింపుడు. న్యాయముకొరకు మరియొక మాట చెప్పవలెను. గూగులువారి నివేదికలో వేడిమికిని డిస్కుల చావునకును జనులనుకొన్నంత సంబంధము కనబడలేదు. మిక్కిలి వేడిలో, ముఖ్యముగా మూడు నాలుగేండ్ల వయస్సుగల డిస్కులలో, నష్టము హెచ్చినది. మన రెండు డిస్కులలో మిగిలిన పాతది ఆ వయస్సుదే.

అంతమాత్రమున ఇరువదినాలుగు గంటలును ఎ.సి. నడువవలెనని మేము పట్టు పట్టము. ప్రశ్న వేసిన పెద్దమనిషి సగము గెలిచిరి. యంత్రము నడచుచు ఎ.సి. ఆగియుండుట మాత్రము కూడదు. రెండును ఆగియున్నచో దోషము లేదు. మే నెలలో సర్వరుతో పని టి.సి.లు, ధ్రువపత్రములు అడుగ వచ్చువారికే. కావున సెలవులలో ఉదయము 10 గంటలనుండి 1 గంటవరకు ఎ.సి.యు సర్వరును నడపి, తరువాత రెంటిని ఆపుదము. కావలి యంత్రము మేలుకొనియే యుండును గనుక అత్యవసరమైనచో కంప్యూటరు ఉపాధ్యాయులు ఆఫీసు గదినుండియే ఒక ఆజ్ఞతో సర్వరును లేపగలరు. ఎ.సి. వేసిన తరువాతనే లేపవలెను. ఈ ఏర్పాటునకు సంఘము పెద్దలు సమ్మతించిరి. మిగులు డబ్బులో మొదట ఆ పాత డిస్కునకు మారుగా క్రొత్తదియు, తరువాత బల్లలును కొనవలెనని మా మనవి.

సెలవులలో పిల్లలుండరు గనుక అంకెలు వ్రాయుటకు పెద్దలు కావలెను. ఇంతవరకు ఇద్దరు తండ్రులును ఒక తల్లియు పేర్లిచ్చిరి. సోమ, గురువారములకు ఇంకొకరు కావలెను. పది నిమిషముల పని. ఏ పద్దునకు ఏ ఆజ్ఞయో మొదటి పుటలో పిల్లలు తెలుగున వ్రాసి అంటించిరి. నోటుపుస్తకము ఆఫీసు గదిలో తలుపు ప్రక్క బల్లమీద నుండును.